ఎంసీబీ పడలేదు, టీవీ కాలిపోయింది: ఇంటి కరెంటుపై పాఠకుల ప్రశ్నలు

గాలివానల రోజులు కావడంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వస్తువులు కాలిపోవడం గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): గాలి గట్టిగా వీచిన రాత్రి మా ఇంట్లో బల్బులు ఒక్కసారిగా తెల్లగా మెరిశాయి, ఫ్యాన్లు హోరుమని తిరిగాయి. రెండు నిమిషాల్లో టీవీ, సెట్‌టాప్ బాక్సు, వాషింగ్ మెషీన్ పోయాయి. ఎదురింట్లో మాత్రం లైట్లు మసకబారాయి గానీ ఏదీ కాలలేదు. మావి కొత్త ఎంసీబీలు (కరెంటు హద్దు దాటితే తమంతట తామే పడే స్విచ్‌లు), ఒక్కటీ పడలేదు. ఎందుకని?

జవాబు: మీరు రాసినవన్నీ న్యూట్రల్ తెగినప్పుడు కనిపించే లక్షణాలు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వీధిలోకి మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (అది తిరిగి వెళ్లే తీగ) వస్తాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కీ మధ్య ఉండేది 230 వోల్టులు, రెండు ఫేజుల మధ్య ఉండేది 400. మీ ఇల్లు ఒక ఫేజు మీద, ఎదురిల్లు ఇంకో ఫేజు మీద ఉన్నాయనుకోండి. స్తంభం దగ్గర న్యూట్రల్‌ను కలిపే జంపర్ తీగ ఊడితే రెండిళ్లూ ఒకదాని వెనక ఒకటి వరసలో పడి, ఆ 400 వోల్టులను పంచుకుంటాయి. పంపకం సమంగా జరగదు. తక్కువ కరెంటు వాడుతున్న ఇంటికే ఎక్కువ వోల్టేజి వస్తుంది.

లెక్క వేసి చూడండి. ఎదురింట్లో ఇస్త్రీపెట్టె లాంటివి కలిపి 1000 వాట్ల లోడు నడుస్తోంది, మీ ఇంట్లో టీవీ, లైట్లు కలిపి 100 వాట్లు. వాళ్ల లోడు నిరోధం సుమారు 53 ఓములు, మీది 529. అప్పుడు మీకు దాదాపు 364 వోల్టులు, వాళ్లకు 36. అందుకే అక్కడ మసక, ఇక్కడ మెరుపు. నిజానికి ప్రతి ఫేజు మీదా పదుల ఇళ్లుంటాయి, పైగా లోడు క్షణక్షణం మారుతుంది కాబట్టి అంకెలు ఇలాగే ఉండవు. తీరు మాత్రం ఇదే.

టీవీ లోపల ఏం జరిగిందో చెబుతాం. వచ్చిన ఏసీ డీసీగా మారాక దాన్ని నిల్వచేసే పెద్ద కెపాసిటర్ మీద 400 లేదా 450 వోల్టులని రాసి ఉంటుంది. ఏసీ అల శిఖరం లెక్కన, 230 దగ్గర దాని మీద పడేది 325. 364 దగ్గర 515. పొట్ట ఉబ్బి పగిలిపోతుంది, దాంతోపాటు బ్రిడ్జి రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చే భాగం), మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పోతాయి.

ఇక ఎంసీబీ ఎందుకు పడలేదంటారా, అది చూసేది ఆంపియర్లను, వోల్టులను కాదు. పైలెక్కలో మీ ఇంటికి వెళ్లిన కరెంటు 0.7 ఆంపియర్. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని పట్టించుకోదు. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే పడే స్విచ్) కూడా పడదు. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వచ్చేస్తోంది, ఎర్తులోకి కారడం లేదు కదా. ఈ రెండూ వాటి పని అవి చేస్తాయి. వోల్టేజి మాత్రం వాటి పని కాదు.

దీనికి కావాల్సింది ఓవర్ వోల్టేజి–అండర్ వోల్టేజి ప్రొటెక్టర్. డీబీ బాక్సులో (ఎంసీబీలన్నీ ఉండే డబ్బాలో) ఎంసీబీ పక్కనే అదే పట్టీకి బిగుస్తుంది. సింగిల్ ఫేజు ఇంటికి మీ మెయిన్ సైజును బట్టి 40 లేదా 63 ఆంపియర్లది తీసుకోండి. పై హద్దు 265–270, కింది హద్దు 170 దగ్గర పెట్టించండి. వోల్టేజి దాటితే సెకను లోపే ఇంటిని లైను నుంచి విడగొడుతుంది. తిరిగి కలపడానికి పట్టే సమయాన్ని 3 నిమిషాలకు పెడితే ఫ్రిజ్‌కూ మంచిది. త్రీఫేజు మీటరు ఉన్నవాళ్లు మూడు ఫేజులనూ, న్యూట్రల్‌నూ కలిపి చూసే రకం అడగాలి. త్రీఫేజు ఇళ్లలో న్యూట్రల్ వీధిలోనే తెగాలని లేదు. మీటరు బాక్సులో న్యూట్రల్ లింకు స్క్రూ వదులైనా, ఇంట్లోని మూడు ఫేజుల మధ్యే ఈ తంతు జరుగుతుంది. ఏడాదికోసారి లైను ఆపించి ఆ స్క్రూలను బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి. అల్యూమినియం వైరు, రాగి వైరు నేరుగా మెలిపెట్టి ఉన్న చోట పొడిలాంటి తుప్పు పడుతుంది, అక్కడ బైమెటల్ లగ్గు (రెండు లోహాలనూ కలిపే కొస) వేయాలి.

ప్రొటెక్టర్ లేనివాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: లైట్లు ఉన్నట్టుండి మరీ ప్రకాశంగా వెలిగితే టీవీ ప్లగ్గు కోసం పరిగెత్తకండి, ముందు మెయిన్ దించండి. తరవాత 1912కు ఫోన్ చేయండి. మీతోపాటు వీధిలో మిగతా వాళ్లకూ చెప్పండి. న్యూట్రల్ లేని ఆ కాసేపట్లో ఒక ఇంట్లో గీజరు ఆపేస్తే పక్కవాళ్ల వోల్టేజి మారుతుంది.

ప్రశ్న (మంచిర్యాల నుంచి): ఏటా మే నెలలో ఉరుముల వాన పడితే వైఫై రౌటర్ పోతోంది, ఒకసారి టీవీ కూడా పోయింది. స్పైక్ గార్డ్ అని రాసి ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కొని పెట్టాం. అయినా పోయింది. మోసపోయామా?

జవాబు: బాక్సు మోసం కావచ్చు, కాకపోనూవచ్చు. బజారులో స్పైక్ గార్డ్ పేరుతో దొరికే కొన్నింట్లో ఎర్ర స్విచ్, ఫ్యూజు తప్ప ఏమీ ఉండదు. అసలైనదాంట్లో ఎంఓవీ ఉంటుంది. చిన్న బిళ్లలాంటి ఈ భాగం మామూలు వోల్టేజిలో కదలకుండా ఉండి, పిడుగు ఉప్పెన (క్షణంపాటు ఎగసే వోల్టేజి) వచ్చినప్పుడు దారి తెరిచి దాన్ని పక్కకు మళ్లిస్తుంది. ఎన్ని జౌళ్లు తట్టుకుంటుందో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ అంకె లేని బాక్సు కొనకండి. ఎంఓవీ దెబ్బ తిన్నప్పుడల్లా కొంత అరిగిపోతుంది. పూర్తిగా అరిగినా ప్లగ్గుల్లో కరెంటు మామూలుగానే వస్తుంది, మీకు తెలియదు. రక్షణ ఉందని చూపే చిన్న దీపం ఉన్నదే తీసుకోండి.

అయితే మీ అసలు సమస్య వేరేలా కనిపిస్తోంది. ఉప్పెన దూరేది ప్లగ్గు నుంచే అనుకోవడం పొరపాటు. డిష్ నుంచి దిగే కోయాక్సియల్ కేబుల్, ఇంటి నుంచి ఇంటికి గాలిలో లాగిన లాన్ వైరు, రాగి ఫోను తీగ, ఇవన్నీ దారులే. దగ్గరలో ఎక్కడో పిడుగు పడినా పొడవాటి తీగలో వోల్టేజి పుడుతుంది. స్పైక్ గార్డ్ ప్లగ్గు వైపు కాపలా కాస్తుంటే రౌటర్ లాన్ పోర్టు వైపు నుంచి పోతుంది. ఫైబర్ కనెక్షన్‌లో గాజు పోగుకు ఈ భయం లేదు గానీ, దాన్ని మోసే ఉక్కు తీగ ఇంటి గోడ దాటి లోపలి డబ్బా దాకా రాకూడదు. బయటే కత్తిరించమనండి.

ఇంటి మొత్తానికి ఎస్‌పీడీ (ఉప్పెనను ఎర్తుకు మళ్లించే పరికరం) పెట్టించుకోవడం మంచి పని. అడగాల్సిన వివరాలు: టైప్-2, 1ప్లస్1 రకం (ఫేజు–న్యూట్రల్ మధ్య ఎంఓవీ, న్యూట్రల్–ఎర్తు మధ్య స్పార్క్ గ్యాప్), నిరంతర వోల్టేజి 320 వోల్టులు, గరిష్ఠ కరెంటు 40 కిలో ఆంపియర్లు, రక్షణ స్థాయి 1.5 కిలోవోల్టులు లేదా అంతకంటే తక్కువ. 275 వోల్టులది కూడా దొరుకుతుంది, కానీ అర్ధరాత్రి లోడు తగ్గి 255–260 దాకా ఎగబాకే మన లైన్లకు అది త్వరగా అలసిపోతుంది. దీన్ని మెయిన్ స్విచ్ తరవాత, ఆర్‌సీసీబీకి ముందు బిగించాలి. దానికి ముందు కంపెనీ చెప్పిన సైజు ఎంసీబీ ఒకటి విడిగా ఉండాలి.

పనివాళ్లు తప్పు చేసేది వైరు దగ్గర. ఫేజు నుంచి ఎస్‌పీడీకి, ఎస్‌పీడీ నుంచి ఎర్తు పట్టీకి వెళ్లే వైర్ల మొత్తం పొడవు అర మీటరు దాటకూడదు. అందంగా ఉండాలని డబ్బా అంచుల వెంట చుట్టూ తిప్పి తెచ్చేవాళ్లు ఉన్నారు. పిడుగు ఉప్పెన మైక్రోసెకన్లలో పెరిగే కరెంటు కాబట్టి తిన్నటి వైరు కూడా దానికి అడ్డమే. ఒక మీటరు పొడవున్న వైరులో సుమారు వెయ్యి వోల్టులు నిలిచిపోతాయి, అవి మీ టీవీ మీద అదనంగా పడతాయి. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వంపులు లేకుండా, తిన్నగా. టీవీ డీబీ నుంచి 10 మీటర్లకు మించి దూరంలో ఉంటే దాని దగ్గర మంచి స్పైక్ గార్డ్ కూడా ఉంచండి.

ఎస్‌పీడీ కిటికీ ఎర్రబడితే లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. నేరుగా ఇంటి మీదే పిడుగు పడితే ఇది చాలదు, అది పైకప్పు మీది పిడుగు కడ్డీ, టైప్-1 పరికరాల పని. ఇంకో మాట, తెనాలి పాఠకురాలి ఇంట్లో జరిగినదానికి ఎస్‌పీడీ పనికిరాదు. 364 వోల్టులు నిమిషాల తరబడి ఉంటే ఎంఓవీ వేడెక్కి అదే కాలిపోతుంది. ఆ పనికి పైన చెప్పిన ప్రొటెక్టరే.

ప్రశ్న (అనంతపురం జిల్లా నుంచి): ఇల్లు కట్టి పన్నెండేళ్లయింది. ఎర్తు గుంత ఉంది, పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: మల్టీమీటర్‌తో ఫేజు–ఎర్తు మధ్య 230 చూపించగానే బాగుందని సంతోషపడకండి. మీటరు దాదాపు ఏ కరెంటూ లాగదు కాబట్టి చెడిపోయిన ఎర్తు మీద కూడా 230 చూపిస్తుంది. లోడు పెట్టి చూడాలి. ఎలక్ట్రీషియన్ 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును ముందు ఫేజు–న్యూట్రల్ మధ్య, తరవాత ఫేజు–ఎర్తు మధ్య వెలిగిస్తాడు. రెండుసార్లూ ఒకేలా వెలిగితే ఎర్తు పరవాలేదు. రెండోసారి మసకబారితే ఎర్తు నిరోధం పదుల ఓముల్లో, ఇంకా ఎక్కువలో ఉందన్నమాట. 100 ఓములు ఉంటే బల్బుకు చేరేది 193 వోల్టులే. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఈ పరీక్ష చేస్తే అది పడిపోతుంది, పడాలి కూడా. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గీజరు ఎవరూ ముట్టుకోకూడదు, ఎర్తు చెడి ఉంటే వాటి ఒంటి మీదికి కరెంటు వస్తుంది. అందుకే ఇది సొంతంగా చేసే పని కాదు. కచ్చితమైన అంకె కావాలంటే ఎర్తు టెస్టర్ ఉన్నవాళ్లను పిలవండి. 5 ఓముల లోపు ఉంటే మంచిది.

మీటరుతో మీరు చూసుకోదగ్గది న్యూట్రల్–ఎర్తు మధ్య వోల్టేజి. గీజరో ఏసీయో నడుస్తుండగా 2–3 వోల్టులు ఉంటే సహజం. 10 దాటితే న్యూట్రల్ ఎక్కడో వదులుగా ఉంది, లేదా ఎర్తు లేదు.

పైపు ఎర్తింగ్‌కు 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, కనీసం రెండున్నర మీటర్ల పొడవు. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు. మీ వైపు ఎర్రనేల ఎండిపోతే ఎంత మంచి గుంతైనా పనికిరాదు. ఎండాకాలంలో వారానికి ఒకటి రెండు సార్లు గరాటులో రెండు బకెట్ల నీళ్లు పోయండి. అయినా 5 ఓములకు దిగకపోతే, ఉప్పు ఇంకా పోయడం కాదు, 5–6 మీటర్ల దూరంలో రెండో గుంత తీసి రెండింటినీ కలపండి. పక్కపక్కనే తీస్తే డబ్బు దండగ. పైపు తలకు క్లాంపు బిగించిన చోట తుప్పు పట్టడం చాలా మామూలు. గుంత మూత ఎత్తి ముందు అదే చూడండి.

కొన్ని ఊళ్లలో న్యూట్రల్ బలహీనంగా ఉంటే ఎర్తు వైరునే న్యూట్రల్‌గా వాడి లైట్లు వెలిగిస్తుంటారు. ఎవరైనా అలా చేసి ఉంటే వెంటనే తీయించండి. గుంత ఎండిన రోజు ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే షాక్ కొడుతుంది, ఎంసీబీ కూడా పడదు.

ప్రశ్న (కాకినాడ నుంచి): సాయంత్రాలు వోల్టేజి 170కి పడిపోతుంది. ఫ్రిజ్, ఏసీ, టీవీ, మూడింటికీ స్టెబిలైజర్లు కొనాలా? ఫ్రిజ్ షాపువాళ్లు అవసరం లేదంటున్నారు.

జవాబు: టీవీకి అక్కర్లేదు. వెనక స్టిక్కర్ చూడండి, 100–240 వోల్టులు అని ఉంటే 170కి దానికేమీ కాదు. దాని శత్రువు హై వోల్టేజి, దాన్ని డీబీలోని ప్రొటెక్టర్ చూసుకుంటుంది. మీ ఇంట్లో మాత్రం దాని కింది హద్దును 170 కంటే తగ్గించి పెట్టించండి, లేకపోతే రోజూ సాయంత్రం ఇంటిని ఆపేస్తుంది.

ఫ్రిజ్ విషయంలో షాపువాళ్లు చెప్పింది సగం నిజం. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌లు విశాలమైన వోల్టేజిలో నడుస్తాయి. ఎంత నుంచి ఎంతదాకా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, షాపువాళ్ల మాట కాదు, ఆ అంకె చూడండి. మీ సాయంత్రాల వోల్టేజి అందులో పడితే స్టెబిలైజర్ వద్దు. పాత రకం కంప్రెసర్ అయితే కావాలి. లో వోల్టేజిలో అది తిరగలేక బిగుసుకుపోయి, వైండింగ్ వేడెక్కి, ఓవర్‌లోడ్ రిలే టక్కుమని పడుతుంది. కాసేపటికి మళ్లీ టక్కు. ఆ చప్పుడు వినిపిస్తుంటే ఫ్రిజ్ ఆపేయండి.

300 లీటర్ల లోపు ఫ్రిజ్‌కు అర కేవీఏ, ఒకటిన్నర టన్ను ఏసీకి 4 కేవీఏ, 2 టన్నులకు 5 కేవీఏ సరిపోతాయి. అందరూ కేవీఏ చూసి కొంటారు, వర్కింగ్ రేంజ్ చూడరు. మీకు 170 అంటే వానాకాలం సాయంత్రం ఇంకా కిందికి పోవచ్చు, కనుక 130 నుంచి పనిచేసేది తీసుకోండి. హై కట్ (వోల్టేజి మరీ పెరిగితే ఆపేయడం), 3 నిమిషాల డిలే (ఆగి మొదలుపెట్టడం) తప్పకుండా ఉండాలి. ఆగిన వెంటనే కంప్రెసర్ మొదలైతే లోపలి గ్యాస్ ప్రెషర్ ఇంకా దిగదు, మోటారు తిరగలేదు. డిలే ఇచ్చేది అందుకే.

స్టెబిలైజర్ పిడుగును ఆపదు. దాని రిలే కదలడానికే మిల్లీసెకన్లు పడతాయి, పిడుగు ఉప్పెన అప్పటికి వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): ఇన్వర్టర్ మీద ఉన్న వస్తువులకు భయం లేదంటారు, నిజమేనా?

జవాబు: కాదు. కరెంటు ఉన్నంతసేపూ ఇన్వర్టర్ లైను వోల్టేజినే రిలే గుండా అలాగే దాటిస్తుంది. వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే దాదాపు 180–260 బయటికి పోగానే బ్యాటరీ మీదికి మారుతుంది, నార్మల్ లేదా ఎకో మోడ్‌లో 290 దాకా పంపేస్తుంది. చాలా ఇళ్లలో ఆ స్విచ్ ఎటు ఉందో ఎవరూ చూడరు. కంప్యూటర్, టీవీ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. న్యూట్రల్ తెగితే ఇన్వర్టర్ కూడా కాలుతుంది కాబట్టి ప్రొటెక్టర్ దానికంటే ముందు, మెయిన్‌లోనే ఉండాలి.

ప్రశ్న (నంద్యాల నుంచి): ఉరుములప్పుడు స్విచ్ ఆపితే చాలా, ప్లగ్గు కూడా పీకాలా?

జవాబు: పీకాలి. స్విచ్ ఫేజును మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ వైపు వైరు కలిసే ఉంటుంది. తెరిచిన స్విచ్‌లో ఉండే కొన్ని మిల్లీమీటర్ల సందును పెద్ద ఉప్పెన దాటేస్తుంది కూడా. డిష్ కేబుల్‌నూ సెట్‌టాప్ బాక్సు నుంచి విప్పండి. నెత్తిన ఉరుముతున్నప్పుడు తీగలతో పని పెట్టుకోవద్దు, అంతకుముందే చేయాలి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగుల సంగతి చూపిస్తుంది. కరెంటు పోయి వచ్చాక కూడా ఐదు నిమిషాలాగి ఒక్కొక్కటే పెట్టండి.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): మా అబ్బాయి డాలస్ నుంచి మంచి సర్జ్ ప్రొటెక్టర్ తెచ్చాడు. ఇక్కడ పిన్ను మార్చుకుని వాడొచ్చా?

జవాబు: వద్దు. అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు. అందులోని ఎంఓవీలు 130–150 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టులే వాటికి ఎడతెగని ఉప్పెన. పెట్టిన కాసేపటికే వేడెక్కి పొగ, మంట రావచ్చు. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. లాప్‌టాప్, ఫోను ఛార్జర్ల మీద 100–240 అని ఉంటే నేరుగా మన ప్లగ్గులో వాడుకోవచ్చు.

ప్రశ్న (వరంగల్ నుంచి): టీవీ కాలింది. మెకానిక్ బోర్డు మొత్తం మార్చాలంటున్నాడు. విద్యుత్ సంస్థ నుంచి ఏమైనా వస్తుందా?

జవాబు: బోర్డు విప్పించి మీ ఎదురుగా చూపించమనండి. ఫ్యూజు నల్లబడి, దాని పక్కన ఎంఓవీ పగిలి, మిగతాదంతా శుభ్రంగా ఉంటే ఆ రెండూ మారిస్తే సరిపోయే అవకాశం ఉంది. పెద్ద కెపాసిటర్ ఉబ్బితే దాన్నీ, బ్రిడ్జినీ, మాస్‌ఫెట్‌నూ కలిపి మార్చాలి. కొందరు పగిలిన ఎంఓవీని పీకేసి ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు, ఫ్యూజు బదులు తీగ కడతారు. టీవీ పనిచేస్తుంది గానీ ఈసారి మొత్తం బోర్డే పోతుంది. పాతదాని మీద 14డీ471 అని ఉంటే అదే నంబరు వేయించండి.

పరిహారం కోసం 1912లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. ఒకే రాత్రి ఎన్ని ఇళ్లలో ఏవేవి పోయాయో కలిపి, అందరి సర్వీసు నంబర్లతో విద్యుత్ సంస్థ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. లైన్‌మన్ వచ్చి న్యూట్రల్ కలిపిన సంగతి అందులో ఉండాలి. అది లేకపోతే కారణం మీ ఇంటి వైరింగే అంటారు. రిపేరు బిల్లు, కాలిన బోర్డు దాచండి. అక్కడ తేలకపోతే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 42 కింద ఏర్పాటైన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆ తరవాత విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఇంటి బీమా ఉంటే పాలసీలో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవర్ విడిగా తీసుకున్నారేమో చూడండి. నిప్పు, పిడుగుల కవర్ ఉన్నంత మాత్రాన టీవీ లోపలి షార్ట్ సర్క్యూట్ అందులోకి వస్తుందని అనుకోకండి.